మూడు మీటర్లున్న చోట రెండని రాశాను

ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది ఒకే ఒక్క అంకె. చెబితే నవ్వుతారేమో. ఇంతకంటే పెద్ద తప్పులు చేసినవాళ్లు హాయిగా తిని పడుకుంటున్నారు గదా, ఒక అంకెకు ఇంతగా కుమిలిపోవాలా అంటారేమో. నేనూ నన్ను అలాగే అడిగి చూసుకున్నాను, చాలాసార్లు. బరువు మాత్రం తగ్గలేదు. ఇప్పుడిక అలసిపోయాను. దాచిపెట్టడానికి కూడా ఓపిక కావాలి. ఆ ఓపిక నాలో అయిపోయింది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ముందు నోరు తెరిచినప్పుడల్లా మాట వేరే దారి పట్టింది.

నేను అనంతపురంలో ఒక హైస్కూల్లో వ్యాయామం నేర్పే ఉపాధ్యాయుడిగా పనిచేశాను. పిల్లలకు నేను డ్రిల్లు సారును. వయసులో ఉన్నప్పుడు వాలీబాల్ బాగా ఆడేవాడిని. జిల్లా జట్టు దాకా వెళ్లాను. రాష్ట్ర జట్టుకు ఎంపిక జరిగిన రోజున ఎగిరి దిగడంలో మోకాలు మెలిపడింది. మళ్లీ ఆ పిలుపు రాలేదు. ఆ తర్వాత ఎన్ని జట్లకు ఆట నేర్పినా, స్కూలు బీరువాలోకి ఎన్ని కప్పులు తెచ్చినా, ఆ వెలితి లోపల ఒక మూల అలాగే ఉండిపోయింది. దీన్ని సాకుగా చెప్పడం లేదు. సాకేనేమో కూడా. నేను చేసినదానికి ఏది కారణమో, ఏది సాకో ఇప్పటికీ విడదీసుకోలేకపోతున్నాను.

తొంభైల చివర్లో వాలీబాల్ నియమాలు మారాయి. అంతకుముందు సర్వీసు చేసిన జట్టుకే పాయింటు వచ్చేది. ఇకమీదట సర్వీసు ఎవరిదైనా ప్రతి బంతికీ పాయింటే అన్నారు. ఆటలో వేగం పెరిగింది. ఆ ఊపులో, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, మా రాష్ట్ర సంఘం వాళ్లు పెద్ద ఆలోచనే చేశారు. అప్పటిదాకా మాకు తెలిసినవి జాతరలకూ ఉరుసులకూ పెట్టే పోటీలు, రెండు మూడు రోజుల టోర్నమెంట్లు. ఎవరు పిలిస్తే వాళ్ల జట్టుకు ఆడేవాళ్లు. ఇక అలా కుదరదు, రాష్ట్రమంతటికీ పైస్థాయి లీగ్ ఒకటి ఉంటుంది, అందులో ఆడాలంటే క్లబ్బుకు లైసెన్సు ఉండాలి అన్నారు. క్లబ్బు రిజిస్టరై ఉండాలి. శిక్షణ పొందిన కోచ్ ఉండాలి. చిన్నపిల్లల జట్టు ఒకటి నడుపుతూ ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, తమకంటూ ఒక గ్రౌండు, ఆ కోర్టు గీతల చుట్టూ నాలుగు వైపులా మూడేసి మీటర్లు ఏ అడ్డూ లేని ఖాళీ స్థలం ఉండాలి. ఒక్క షరతు తప్పినా దరఖాస్తు పక్కన పెట్టేస్తారు. మొదట్లో జిల్లాకు ఒక్క లైసెన్సే.

మా జిల్లా నుంచి రెండు దరఖాస్తులు వెళ్లాయి. ఒకటి మా టౌన్ క్లబ్బుది. రెండోది తనకల్లు దగ్గర ఒక పల్లెటూరి క్లబ్బుది. గ్రౌండ్లు చూసి కొలతలు రాసి పంపే పని జిల్లా సంఘానిది. సంఘంలో నేను సహాయ కార్యదర్శిని. ఆ పని నాకు అప్పజెప్పారు. టౌన్ క్లబ్బుకు లైసెన్సు వస్తే దానికి కోచ్‌గా నన్నే పెట్టాలని సంఘం అధ్యక్షుడు అప్పటికే నలుగురిలో అని ఉన్నాడు. కోచ్ కాబోయేవాడే పోటీ క్లబ్బును పరిశీలించడానికి వెళ్లడం సరికాదని ఎవరూ అనలేదు. ఎవరూ అనకపోతే ఏం? నాకు తెలియదా? తెలుసు. తెలిసే బస్సెక్కాను.

వరుసగా రెండేళ్లు వానల్లేవు. కదిరిలో దిగి తనకల్లు బస్సు పట్టుకుని వెళ్తుంటే రోడ్డుకు రెండు పక్కలా చేన్లు ఎర్రగా, ఏమీ లేకుండా ఉన్నాయి. ఆ పల్లెకు దారి చీలే క్రాస్ దగ్గర ఒకతను మోపెడ్‌తో నా కోసం నిలబడి ఉన్నాడు. పొడుగ్గా, బక్కగా, పాతికేళ్లవాడు. పేరు నరసింహులు. నాలుగెకరాల వర్షాధారం భూమి, వేరుశనక్కాయ పంట. జట్టుకు కెప్టెన్. వచ్చిన బంతిని పైకి లేపి, కొట్టేవాడికి అందించే ఆటగాణ్ని మా వైపు లిఫ్టర్ అంటారు. అతను లిఫ్టర్. క్లబ్బును రిజిస్టరు చేయించిందీ, కదిరిలో ఒక పీఈటీని బతిమాలి కోచ్‌గా ఒప్పించిందీ, లైసెన్సు కాగితాలు నింపిందీ అన్నీ అతనే.

ఊరి చివర స్కూలు పక్కన గ్రౌండు. సున్నంతో గీసిన గీతలు మెరుస్తున్నాయి. నేల తడిగా ఉంది. మొదట నాకు అర్థం కాలేదు. ఆ ఊళ్లో బోరు ఎండిపోయి, రెండు రోజులకోసారి వచ్చే ట్యాంకరు దగ్గర జనం బిందెలు వరసపెట్టుకుంటున్నారని నరసింహులే దారిలో చెప్పాడు. మరి ఇక్కడ నీళ్లు ఎక్కడివి అని అడిగాను.

"దుమ్ము లేస్తాదని సార్. ఇంటికొక బిందె పోసినారు," అన్నాడు.

ఇళ్ల ముందు చల్లుకోవడానికి చుక్క లేని రోజుల్లో, వచ్చిన సారుకు దుమ్ము తగలకూడదని గ్రౌండుకు చల్లారు. చెప్పులు విప్పి ఆ నేల మీద నడిచాను. అరికాళ్లకు చల్లగా తగిలింది.

గ్రౌండుకు మూడు వైపులా కావలసినంత బయలు. నాలుగో వైపున, అంటే పక్క గీతకు అవతల, ఒక గొర్రెల దొడ్డి. రాళ్లు పేర్చి కట్టిన గోడ. ఆ దొడ్డి గంగులమ్మ అనే ఆవిడది. భర్త పోయిన మనిషి. యాభై దాటి ఉంటాయి. ముప్పై దాకా గొర్రెలు ఉన్నాయి, అవే ఆమెకు ఆధారం. ఆ గోడ మొదట్లో గీతకు బాగా దగ్గరగా ఉండేదట. లైసెన్సుకు మూడు మీటర్లు కావాలని చెబితే, ఆమె ఒప్పుకుని, ఆటగాళ్లందరూ కలిసి గోడ ఊడదీసి వెనక్కి జరిపి మళ్లీ పేర్చారు. దొడ్డి సగమైంది. దాని వెనకాల పెద్ద బండ. ఇక జరగడానికి చోటు లేదు.

నేను టేపు తీశాను. ఒక కొస నరసింహులు గోడకు ఆనించి పట్టుకున్నాడు. ఇంకో కొస నేను గీత మీద పెట్టాను. మూడు మీటర్ల మీద జానెడు ఎక్కువే వచ్చింది. పైకే చదివాను. చుట్టూ నిలబడ్డ కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. గంగులమ్మ కొంగు నడుముకు దోపుకుని గోడ పక్కనే నిలబడి ఉంది.

"ఏమప్పా, సరిపాయనా? చాలకుంటే ఇప్పుడే చెప్పు," అంది.

"సరిపోయిందమ్మా," అన్నాను.

ఆ మాట అబద్ధం కాదు. నేను ఆ రోజు ఆ ఊళ్లో అబద్ధం ఏమీ చెప్పలేదు. ఇది ఒక్కటి గుర్తుపెట్టుకోండి. అంటే నేను మొదటినుంచీ చెడ్డ ఉద్దేశంతో వెళ్లినవాణ్ని కాదని మీకు చెప్పాలనే తాపత్రయం. చూశారా, ఇక్కడ కూడా నన్ను నేను కాపాడుకుంటున్నాను.

తర్వాత వాళ్లు కాసేపు ఆడి చూపించారు. నేను సరదాగానే కూర్చున్నాను. అయిదు నిమిషాల్లో సరదా పోయింది. బంతి కింద పడటం లేదు. నరసింహులు వేళ్లకు బంతి అందిందో లేదో తెలిసేలోపు అది నెట్టు మీద, కొట్టేవాడి చెయ్యికి సరిగ్గా ఎదురుగా ఉంటోంది. ముప్పై ఏళ్లలో అలాంటి లిఫ్టర్‌ను నేను ఒకరిద్దరినే చూశాను. కొట్టేవాళ్లు ముగ్గురూ కూలి పనులకు పోయే కుర్రాళ్లు. వాళ్ల భుజాల బలం మా టౌన్ కుర్రాళ్లలో ఎవరికీ లేదు. పక్కన చిన్నపిల్లల జట్టు వేరే బంతితో ఆడుకుంటోంది. నిజమైన పిల్లల జట్టు. మా టౌన్ క్లబ్బుకు అది లేదు. మా స్కూలు పిల్లల పేర్లే కాగితం మీద ఎక్కించుకున్నాం. రెండు దరఖాస్తులూ పక్కపక్కన పెడితే ఏది పైకొస్తుందో నాకు అక్కడే తెలిసిపోయింది.

మజ్జిగ ఇచ్చారు, తాగాను. నరసింహులు నన్ను మళ్లీ క్రాస్ దాకా దింపాడు. బస్సులో కూర్చున్నాక కదిరి వచ్చేదాకా నా మనసులో ఒకటే తిరిగింది. కోచ్ పేరు ఉండే చోట నా పేరు. వీపు మీద జిల్లా పేరు, ముందు రాష్ట్ర లీగ్ గుర్తు ఉన్న ట్రాక్ సూటు. మోకాలు మెలిపడిన రోజునుంచీ నేను కోరుకున్నది. అది ఇప్పుడు ఇంకొకరికి పోతోంది.

మరునాడు పొద్దున అధ్యక్షుడి ఇంటికి వెళ్లాను. ఆయన ఊళ్లో పలుకుబడి ఉన్న మనిషి. పేపరు చదువుకుంటూ, తల ఎత్తకుండానే, "ఎట్ల ఉండాదప్పా ఆ పల్లె గ్రౌండు?" అని అడిగాడు. అంతే. ఆ ఒక్క ప్రశ్నే.

చాలా ఏళ్లు నేను నాకు చెప్పుకున్న కథ వేరు. ఆయన ఒత్తిడి పెట్టాడని, ఆయన మాట కాదనలేకపోయానని, ఉద్యోగస్తుణ్ని ఏం చేస్తానని. నిజానికి ఆయన ఏమీ అనలేదు. కనుసైగ కూడా చెయ్యలేదు. "బాగుండాది సార్, అన్నీ సరిగానే ఉండాయి" అని నేను చెప్పి ఉంటే పేపరు తిప్పి ఇంకో పేజీ చదివేవాడేమో. చెప్పి చూడలేదు గదా, ఎలా తెలుస్తుంది?

"ఒక పక్క జాగా కొంచెం తక్కువ ఉన్నట్టుంది సార్," అన్నాను.

"అట్లనా," అన్నాడు. పేపరు చదువుకుంటూనే ఉన్నాడు.

ఇంటికొచ్చి ఫారం ముందు పెట్టుకున్నాను. తక్కువ అని నోటితో అన్నాను, ఇప్పుడు దాన్ని ఎలా తక్కువ చెయ్యాలి? అప్పుడు తట్టింది. నెట్టు కట్టే పోల్ పక్క గీతకు ఒక మీటరు అవతల పాతుతారు. గీత నుంచి గోడకు మూడు మీటర్లు. పోల్ నుంచి కొలిస్తే రెండు. పోల్ కూడా అడ్డమే గదా, కాబట్టి అక్కడినుంచే కొలవాలని ఎవరైనా వాదించవచ్చు గదా. ఈ వాదన దొరికినందుకు నాకు ఊరట కలిగింది. నేను అబద్ధం రాయడం లేదు, ఒక పద్ధతిలో కొలుస్తున్నాను అనుకున్నాను. నియమం గీత నుంచి కొలవమంటుంది. ఎన్నో ఏళ్లుగా పిల్లలకు నేనే నేర్పిన నియమం. టౌన్ గ్రౌండు గీత నుంచే కొలిచాను. పల్లె గ్రౌండు దగ్గర మూడు ఉండాల్సిన గడిలో రెండు అని రాశాను. సంతకం చక్కగానే వచ్చింది.

లైసెన్సు టౌన్ క్లబ్బుకు వచ్చింది. పల్లె క్లబ్బుకు ఒక పక్క ఖాళీ స్థలం చాలనందువల్ల దరఖాస్తు తిరస్కరించామని ఉత్తరం వెళ్లింది.

నాలుగు రోజులకు నరసింహులు మా ఇంటికి వచ్చాడు. ఆదివారం మధ్యాహ్నం. చేతిలో ఆ ఉత్తరం, ఒక పాత నియమాల పుస్తకం. కోపంగా వస్తాడనుకున్నాను. కోపంగా వచ్చి ఉంటే నాకు సులువుగా ఉండేది. నేనూ అరిచేవాణ్ని. అతను గడప దగ్గర చెప్పులు విప్పి, వచ్చి నేల మీద కూర్చోబోయాడు. కుర్చీలో కూర్చోమన్నాను. ఆ రోజు మేమిద్దరం మాట్లాడుకున్న ప్రతి మాటా నాకు గుర్తుంది. మర్చిపోదామని చూశాను, కుదరలేదు.

"సార్, మూడు మీటర్లు ఉండాది గదా. టేపు ఆ కొస నేనే పట్టుకుంటి. మీరే గట్టిగా చదివినారు."

"చదివినాను నరసింహులూ. గీత నుంచి మూడే. వాళ్లు పోల్ నుంచి కొలవాలంటాండారు."

"పోల్ నుంచా సార్?"

"ఊఁ. కొత్త లీగ్ గదా. కొత్త రూలు పెట్టినారు."

అతను పుస్తకం తెరిచాడు. ఆ పేజీలో ముందే ఒక గడ్డి పరక పెట్టుకుని వచ్చాడు.

"ఈడ గీత నుంచనే ఉండాది సార్."

"అది పాత పుస్తకం," అన్నాను.

కాసేపు ఆ పేజీనే చూశాడు. తన కళ్లతో చూసిన టేపు ఒక పక్క, తన చేతిలోని పుస్తకం ఒక పక్క, నా మాట ఒక పక్క. అతను నా మాటను తీసుకున్నాడు. పుస్తకం మూసేశాడు.

"అట్లనా సార్. మాకు తెలీకపాయ. మీరు ఆ పొద్దే చెప్పింటే జరిపిచ్చేవాళ్లం గదా."

"నాకూ తర్వాతే తెలిసింది."

"మీ తప్పేముండాది సార్. అంత దూరం ఎండలో వచ్చి చూసినారు. మాకోసరం అంత మాత్రం వచ్చినోళ్లు ఎవురు?"

ఇక్కడే ఆగి ఉండవచ్చు. ఓదార్చి పంపించి ఉండవచ్చు. కానీ అతను ముఖం వేలాడేసుకుని కూర్చుంటే చూడలేకపోయాను. అతని బాధ తగ్గించాలనుకున్నానా, నా అబద్ధం నిజమని ఇంకాస్త నమ్మించాలనుకున్నానా? రెండూ అనుకుంటాను. అప్పుడు అన్నాను ఆ మాట.

"ఇంకొక మీటరు జరిపిస్తే వచ్చే ఏడాది అడగొచ్చు. నేనుంటా గదా, రాసి పంపుతా."

అతని ముఖం విప్పారింది.

"జరుపుతాం సార్. గంగులమ్మతో నేను మాట్లాడుతా."

దొడ్డి వెనక బండ ఉందని నాకు తెలుసు. ఇంకో మీటరు జరగడమంటే ఏమిటో ఆ క్షణాన నేను ఆలోచించలేదు. ఆలోచించలేదని అంటున్నాను. నిజంగా తట్టలేదా, తట్టినా పక్కకు నెట్టేశానా? ఇన్నేళ్ల తర్వాత చెప్పలేను. నా భార్య అతనికి అన్నం పెట్టింది. తిని, ఆమెకు దండం పెట్టి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు.

లీగ్ మొదలైంది. నాకు ట్రాక్ సూటు వచ్చింది. నీలం రంగు. టౌన్‌లో మా మొదటి ఆటకు నరసింహులు జట్టు మొత్తం పొద్దున బస్సుకే వచ్చి గ్యాలరీలో కూర్చుంది. మన జిల్లా అని అరుస్తూ మా వాళ్లకు చప్పట్లు కొట్టారు. నన్ను చూసి చేతులూపారు. నేనూ ఊపాను. ఆ రోజు ఓడిపోయాం. మా లిఫ్టర్ ఇచ్చిన బంతులు ఎక్కడెక్కడికో పోతుంటే, ఈ బంతిని పైన కూర్చున్న అతను ఎలా ఇచ్చి ఉండేవాడో నాకు కనబడుతూనే ఉంది. ఆ ఏడాది చాలా ఆటలు ఓడిపోయాం. రెండో ఏడాది కొత్త లైసెన్సులు లేవన్నారు. ఉన్న క్లబ్బులనే నడపడం కష్టంగా ఉందట. నేను రాసి పంపుతానన్న కాగితం రాసే అవసరమే రాలేదు. ఆ ఏడాది ముగిశాక లీగ్ కూడా ఆగిపోయింది. ఆపేస్తున్నట్టు ఎవరూ చెప్పలేదు. ఇంకొక ఏడాది పిలుపు రాలేదు, అంతే.

దీనికోసమా నేను అది చేసింది? రెండేళ్ల ట్రాక్ సూటు కోసం. లీగ్ పదేళ్లు నడిచి, మేం కప్పు గెలిచి ఉంటే, ఇంత బాధ ఉండేది కాదేమో అని కూడా ఒకసారి అనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

మళ్లీ ఆ ఊరికి నేను వెళ్లింది ఎన్నికల డ్యూటీ మీద. టీచర్లకు తప్పదు గదా. ఏ ఊరు పడిందో కాగితంలో చూసినప్పుడు మార్పించుకుందామని ఆఫీసుకు కూడా పోయాను. మార్చలేదు. పోలింగుకు ముందురోజు సాయంత్రానికి పెట్టెలు తీసుకుని చేరాం. బూత్ స్కూల్లోనే. కిటికీలోంచి చూస్తే గ్రౌండు. పోళ్లు ఉన్నాయి, నెట్టు లేదు. గీతలు లేవు. నేలంతా పల్లేరు. దొడ్డి ఉండిన చోట ఏమీ లేదు. బండ ఒక్కటే కనిపిస్తోంది.

నరసింహులు టీ తీసుకుని వచ్చాడు. నన్ను చూసి ఎంత సంతోషపడ్డాడో. జట్టులో సగంమంది బెంగుళూరులో పనులకు పోయారని, ఇద్దరు కదిరిలో ఆటోలు తోలుతున్నారని, చిన్నపిల్లల జట్టు కూడా ఆగిపోయిందని చెప్పాడు. దొడ్డి ఏమైందని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"తీసేసింది సార్. ఎనక బండ ఉండె గదా, జరిపేదానికి జాగా యాడుండాది? పోనీలేప్పా, పిలకాయల ఆట గదా అని మొత్తం తీసేసింది. చేను గట్టున కంపతో దడి కట్టి గొర్రెల్ని ఆడ తోలేది. కుక్కలు పడినాయి సార్. తొమ్మిది పోయినాయి. ఇంగ భయపడి మిగిలినాటిని సంతలో అమ్మేసింది."

"ఇప్పుడు యాడుండాది?"

"బెంగుళూరులో, కూతురు తావ. బిల్డింగుల కాడ ఇసుక జల్లెడ పడతాంది."

"ఈ వయసులోనా?"

"ఏం చేస్తుంది సార్. ఈడేముండాది?"

ఆవిడ మిమ్మల్ని ఏమైనా అనిందా అని అడిగాను.

"ఏమీ అనలేదు సార్. పోయిన పండక్కి వచ్చినప్పుడు మాత్రం అడిగింది. ఏమప్పా, జాగా ఇప్పుడన్నా సరిపాయనా అని."

టీ గ్లాసు కింద పెట్టాను. అప్పుడు చెప్పాలి. నరసింహులూ, జాగా మొదటినుంచీ సరిపోయింది, తప్పు రాసింది నేను అని చెప్పాలి. చిన్న మాటలు. నోటి దాకా వచ్చాయి. పక్కన పోలింగు సిబ్బంది ఉన్నారు, డ్యూటీలో ఉన్నాను, ఇప్పుడు గొడవైతే ఎన్నికకు ఇబ్బంది అని నాకు నేను చెప్పుకున్నాను. రేపు సాయంత్రం వెళ్లేముందు చెబుదాం అనుకున్నాను. మరునాడు సాయంత్రం పెట్టెలకు సీళ్లు వేసి లారీ ఎక్కాం. అతను చెయ్యి ఊపుతూ నిలబడ్డాడు. లారీ కదిలింది.

నేను ఫారంలో అంకె మార్చినప్పుడు నష్టం ఒక ఆటకు అనుకున్నాను. ఆట పోతే ఏముంది, ఇంకో ఆట ఉంటుంది అనుకున్నాను. ఆ అబద్ధాన్ని నిలబెట్టుకోవడానికి చెప్పిన రెండో మాట ఒక ముసలావిడ దొడ్డిని కూల్చింది, గొర్రెలను కుక్కల పాలు చేసింది, ఆమెను తీసుకుపోయి ఎక్కడో ఇసుక కుప్ప పక్కన నిలబెట్టింది. కరువు వల్ల ఎలాగూ గొర్రెలు అమ్ముకునేదేమో, ఆ ఏళ్లలో ఎంతమంది బెంగుళూరికి పోలేదు అని కూడా వాదించుకున్నాను. పోయారు. వేలమంది పోయారు. వాళ్లందరినీ కరువు పంపింది. ఈమెను మాత్రం నేను పంపాను.

రిటైరయ్యాక ఒకసారి కదిరి దాకా వెళ్లాను. ఈసారి చెప్పేయాలనే వెళ్లాను. బస్టాండులో ఆ ఊరివాడే ఒకతను కలిశాడు. నరసింహులు కూడా చేను కౌలుకిచ్చి పెళ్లాం పిల్లలతో బెంగుళూరు పోయాడని, అక్కడ ఏదో ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా ఉంటున్నాడని చెప్పాడు. ఫోన్ నంబరు అడిగితే తన దగ్గర లేదన్నాడు. గంగులమ్మ గురించి అడిగాను. చనిపోయిందట. అక్కడే, కూతురు దగ్గరే. ఎప్పుడని అడిగితే అతనికి సరిగా తెలియదు. తనకల్లు బస్సు వచ్చింది, పోయింది. నేను తిరిగి అనంతపురం బస్సెక్కాను. నిజం చెప్పనా? ఆవిడ లేదని విన్నప్పుడు బాధ కంటే ముందు, ఒక్క క్షణం, ఇక ఆమెకు ముఖం చూపించే పని లేదన్న నెమ్మది కలిగింది. ఆ క్షణాన్ని కూడా ఇక్కడ రాస్తున్నాను. రాయకపోతే ఈ కాగితం కూడా ఆ ఫారం లాంటిదే అవుతుంది.

నరసింహులును వెతికితే దొరకడా? దొరుకుతాడు. ఆ ఊళ్లో అతని చిన్నాన్నలు ఉన్నారు. వాళ్లను అడిగితే నంబరు ఇస్తారు. ఇంకా అడగలేదు. అడుగుతానని మాట ఇవ్వడం లేదు. ఇచ్చిన మాటలు ఏమయ్యాయో చూశారు గదా.

ఇక్కడిదాకా రాసి నిన్న నా భార్యకు చదివి వినిపించాను. ఇంతకాలం ఆమెకు కూడా తెలియదు. చెప్తున్నంతసేపూ కదలకుండా వింది. అయ్యాక ఏదో ఒకటి అనాలని ఎదురుచూశాను. తిట్టినా బాగుండుననిపించింది.

"ఇంతకాలం నాకెందుకు చెప్పలేదు?" అని అడిగింది చివరికి.

"నువ్వు నన్ను ఎట్లా చూస్తావో అని."

ఆమె నా వైపు చూసింది. మంచిగానో చెడుగానో కాదు. ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది. తర్వాత లేచి వంటింట్లోకి వెళ్లింది. గిన్నెల చప్పుడు వినబడింది.

నేను వరండాలోనే కూర్చున్నాను. ఏదో తగ్గిందనిపించింది. తప్పు తగ్గలేదు, అది అలాగే ఉంది. దాన్ని ఒక్కడినే చూస్తూ కూర్చోవడం మాత్రం అయిపోయింది. ఇప్పుడు ఆమెకు తెలుసు, మీకు తెలుసు. మధ్యాహ్నం అన్నానికి పిలిచింది. వెళ్లి ఆమె ఎదురుగా కూర్చున్నాను.